క్లౌడ్ అప్లికేషన్ల పరీక్ష, విడుదల: చిన్న బృందానికి ఒక్క దారి చాలు

అనంతపురం మార్కెట్ యార్డుకు తెల్లవారుజామున నాలుగు గంటలకు ఒక లారీ చీనీ కాయలు వచ్చాయనుకుందాం. గేటు దగ్గరి ఉద్యోగి ఫోనులో లోడు వివరాలు నమోదు చేస్తాడు. రైతు పేరు, ఊరు, బండి నంబరు, తూకం అన్నీ సరిగ్గానే పడతాయి. తేదీ ఒక్కటే ముందు రోజుది పడుతుంది. దాంతో ఆ ఉదయం వేలం జాబితాలో ఆ లోడు కనిపించదు. అప్లికేషన్ రాసినవాళ్ళు తమ లాప్‌టాప్‌లలో ఎన్నిసార్లు ప్రయత్నించినా తప్పు దొరకదు. లాప్‌టాప్ గడియారం భారత కాలమానంలో నడుస్తుంది, క్లౌడ్ సర్వర్ (ఇంటర్నెట్ ద్వారా అద్దెకు తీసుకున్న కంప్యూటర్) గడియారం యూటీసీలో, అంటే అంతర్జాతీయ ప్రామాణిక కాలమానంలో, నడుస్తుంది. రెండింటికీ ఐదున్నర గంటల తేడా ఉంది కాబట్టి అర్ధరాత్రి నుంచి ఉదయం ఐదున్నర దాకా యార్డులో ఒక తేదీ, సర్వర్‌లో ఇంకో తేదీ ఉంటాయి. పగటిపూట ఆఫీసులో కూర్చుని పరీక్షించేవారికి ఈ తప్పు ఎప్పటికీ ఎదురుకాదు.

ఈ ఉదాహరణ ఊహించి చెప్పినదే అయినా, ఇలాంటి తప్పులు క్లౌడ్‌లో నడిచే అప్లికేషన్లన్నిటిలోనూ సర్వసాధారణం. కోడులో తర్కం తప్పి ఉండదు, కోడు రాసిన చోటికీ అది నడిచే చోటికీ మధ్య ఎవరూ గమనించని తేడా ఒకటి ఉంటుంది. క్లౌడ్ అప్లికేషన్లను పరీక్షించడం, విడుదల చేయడం కష్టమైన పని అనే భావన బలపడడానికి ప్రధాన కారణం ఇదే. కోడు నడిచే చోట్లు పెరిగాయి, ఆ చోట్లకు కోడును చేర్చే దారులు అంతకన్నా పెరిగాయి. ఒకరు లాప్‌టాప్ నుంచి నేరుగా సర్వర్‌లోకి ఫైళ్ళు కాపీ చేస్తారు, ఇంకొకరు క్లౌడ్ కన్సోల్ అనే నియంత్రణ పేజీలోకి వెళ్ళి సెట్టింగు మారుస్తారు, మూడో వ్యక్తి అర్ధరాత్రి వచ్చిన ఫిర్యాదుకు స్పందించి సర్వర్‌లోనే ఫైలు తెరిచి రెండు లైన్లు దిద్దుతాడు. నెల తిరిగేసరికి ప్రొడక్షన్‌లో, అంటే వాడుకరులు వాడే అసలు వ్యవస్థలో, నడుస్తున్నది ఏమిటో ఎవరూ ఖచ్చితంగా చెప్పలేని స్థితి వస్తుంది. కాబట్టి సులభం చేసే ప్రయత్నం దారులను తగ్గించడంతో మొదలవ్వాలి. ప్రతి మార్పూ, ఎంత చిన్నదైనా, ఎంత అత్యవసరమైనా, ఒకే దారిన వెళ్ళాలి. ఆ దారిన ముందుకు వెళ్ళడం ఎంత తేలికో వెనక్కి రావడం అంతకన్నా తేలిక కావాలి.

కర్నూలు, అనంతపురం, కడప వంటి ఊళ్ళలో పనిచేసే బృందాలకు ఇది మరింత ముఖ్యం. పెద్ద నగరాల్లోని పెద్ద సంస్థల్లో కోడు రాసేవారు వేరు, పరీక్షించేవారు వేరు, సర్వర్లు చూసుకునేవారు వేరు. ఇక్కడ ముగ్గురో నలుగురో కలిసి ఈ పనులన్నీ చేసుకోవాలి. వాళ్ళలో ఒకరు సెలవు పెట్టినా, వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయినా విడుదల ఆగిపోకూడదు. అంటే విడుదల చేసే పద్ధతి ఒక మనిషి తలలో కాకుండా, కోడునూ దాని మార్పుల చరిత్రనూ దాచే రిపాజిటరీలో ఉండాలి.

ఒకసారే బిల్డ్, అన్ని చోట్లా అదే

2013 మార్చిలో డాకర్ అనే పరికరం బయటికి వచ్చే నాటికే లినక్స్‌లో కంటైనర్లకు, అంటే అప్లికేషన్‌ను మిగతావాటి నుంచి వేరుగా నడిపే ఏర్పాటుకు, అవసరమైన సదుపాయాలు ఉన్నాయి. డాకర్ చేసిన మేలు వాటిని మామూలు ప్రోగ్రామర్ చేతికి అందేలా చేయడం. అప్లికేషన్ కోడు, దానికి కావలసిన లైబ్రరీలు, భాష వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్‌లో దానికి అవసరమైన భాగం, అన్నిటినీ కలిపి ఒక ఇమేజ్‌గా కట్టవచ్చు (ఇలా కట్టడాన్నే బిల్డ్ అంటారు). ఆ ఇమేజ్ కడపలోని లాప్‌టాప్‌లోనూ, ముంబైలోనో హైదరాబాద్‌లోనో ఉన్న క్లౌడ్ సర్వర్‌లోనూ ఒకే విధంగా నడుస్తుంది. పైన చెప్పిన తేదీ తప్పునే తీసుకుంటే, సాధారణంగా దొరికే ఇమేజ్‌ల గడియారం యూటీసీలోనే ఉంటుంది. అందువల్ల అప్లికేషన్‌ను లాప్‌టాప్‌లో కూడా కంటైనర్‌లోనే నడిపి ఉంటే, తెల్లవారుజాము నమోదును పరీక్షించిన మొదటిసారే తప్పు బయటపడేది.

తెలుగు అక్షరాల విషయంలోనూ ఇదే సమస్య వస్తుంది. ‘చీనీ’ అనే మాట చూసేవారికి రెండక్షరాలు. యూనికోడ్ లెక్కలో అది నాలుగు సంకేతాలు, యుటిఎఫ్-8 అనే పద్ధతిలో నిల్వ చేస్తే పన్నెండు బైట్లు. 2018లో వచ్చిన 8.0 వెర్షన్‌కు ముందు మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ వేరే ఏమీ చెప్పకపోతే లాటిన్-1 అక్షరాల పట్టికనే వాడేది. ప్రోగ్రామర్ దగ్గర కొత్త వెర్షన్, సర్వర్‌లో పాత వెర్షన్ ఉంటే, పరీక్షల్లో చక్కగా కనిపించిన రైతు పేరు ప్రొడక్షన్‌లో వరుస ప్రశ్నార్థకాలుగా మారవచ్చు, లేదా నమోదే తిరస్కరణకు గురికావచ్చు. ఇంగ్లీషు పేర్లతో మాత్రమే పరీక్షించేవారికి ఇది తెలిసే అవకాశం లేదు. తెలుగువారి కోసం రాసే అప్లికేషన్‌కు పరీక్షల్లో వాడే డేటా తెలుగులోనే ఉండాలి, ఒత్తులూ సంయుక్తాక్షరాలూ ఉన్న ఊరి పేర్లతో సహా. ‘ప్రొద్దుటూరు’, ‘బుక్కరాయసముద్రం’ వంటి పేర్లు రెండు మూడు పెడితే చాలు, చాలా లోపాలు ముందే దొరుకుతాయి.

కంటైనర్ వాడినా చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. పరీక్ష కోసం ఒకసారి, స్టేజింగ్ (విడుదలకు ముందు సరిచూసే నమూనా వ్యవస్థ) కోసం ఇంకోసారి, ప్రొడక్షన్ కోసం మరోసారి ఇమేజ్‌ను కొత్తగా బిల్డ్ చేస్తారు. ఈ మధ్యలో ఏదో ఒక లైబ్రరీకి కొత్త వెర్షన్ వచ్చి ఉంటే పరీక్షించినది ఒకటి, విడుదలైనది ఇంకొకటి అవుతుంది. బిల్డ్ ఒకసారే జరగాలి. పరీక్షలన్నీ దాటిన ఇమేజే, ఒక్క బైటు మారకుండా, చివరి దాకా వెళ్ళాలి. దానికి ‘లేటెస్ట్’ అనే పేరు పెట్టకుండా కమిట్ (రిపాజిటరీలో నమోదైన ఒక్కో మార్పు) గుర్తింపు సంఖ్యనే పేరుగా ఇస్తే, ప్రొడక్షన్‌లో ఈ క్షణంలో నడుస్తున్నది ఏ కోడో ఎవరైనా చెప్పగలరు. చోటును బట్టి మారవలసినవి, అంటే డేటాబేస్ చిరునామా, పాస్‌వర్డులు, ఎస్ఎంఎస్ గేట్‌వే తాళాలు వంటివి, ఇమేజ్ బయట ఉండాలి. 2011 ప్రాంతంలో హెరోకు అనే క్లౌడ్ సంస్థ ఇంజనీర్లు క్లౌడ్ అప్లికేషన్ల కోసం రాసిన పన్నెండు సూత్రాల్లో ఇదీ ఒకటి. ఆ పన్నెండులో కొన్ని ఇప్పుడు పాతబడ్డాయనే వాదన ఉంది కానీ, ఈ ఒక్కటీ ఏమాత్రం పాతబడలేదు.

ఏది ఎక్కడ పరీక్షించాలి

పరీక్షలన్నిటినీ ఒకే గాటన కట్టడం వల్ల చాలా శ్రమ వృథా అవుతుంది. లెక్కకు సంబంధించిన తర్కాన్ని పరీక్షించడానికి క్లౌడ్ అక్కర్లేదు, డేటాబేస్ కూడా అక్కర్లేదు. చీనీ మార్కెట్‌లో ‘సూట్’ పేరుతో టన్నుకు ఇన్ని కిలోలని తూకంలో తీసేసే ఆనవాయితీ ఉంది. లెక్క కోసం దాన్ని టన్నుకు 50 కిలోలు అనుకుందాం. తూకం 1,860 కిలోలు, ధర టన్నుకు 23,500 రూపాయలు. సూట్ 93 కిలోలు పోగా మిగిలేది 1,767 కిలోలు, రైతుకు రావలసింది 41,524 రూపాయల 50 పైసలు. ఆ యాభై పైసలను పైకి సవరించాలా, కిందికి సవరించాలా, అలాగే ఉంచాలా అన్నది ప్రోగ్రామర్ తనంతట తాను తేల్చగలిగే విషయం కాదు. యార్డులో లెక్కలు రాసేవారిని అడిగి తెలుసుకోవాలి. తెలుసుకున్న సమాధానాన్ని ఒక చిన్న యూనిట్ టెస్టుగా, అంటే కోడులోని ఒక్క భాగాన్నే విడిగా సరిచూసే పరీక్షగా, రాసిపెడితే, రెండేళ్ళ తర్వాత కొత్తగా చేరిన వ్యక్తి ఆ లెక్కను తెలియక మార్చినా వెంటనే పట్టుబడుతుంది. మంచి పరీక్ష తప్పును పట్టుకోవడంతో పాటు వ్యాపార నియమాన్ని లిఖితపూర్వకంగా భద్రపరుస్తుంది. ఇలాంటివి వందలకొద్దీ ఉన్నా సెకన్లలో ముగుస్తాయి.

సమయానికి సంబంధించిన పరీక్షలకు ఒక కిటుకు ఉంది. ‘ఇప్పుడు సమయమెంత’ అని కోడు నేరుగా సర్వర్‌ను అడగకూడదు. సమయాన్ని బయటి నుంచి అందించే వీలు ఉంచాలి. అప్పుడు ఉదయం 5 గంటల 29 నిమిషాలకు వచ్చిన లోడు, 5 గంటల 31 నిమిషాలకు వచ్చిన లోడు ఒకే తేదీన నమోదవుతున్నాయా అని మధ్యాహ్నం పన్నెండు గంటలకు కూడా పరీక్షించవచ్చు.

డేటాబేస్ విషయానికి వస్తే, దాని స్థానంలో ఉత్తుత్తి వస్తువును పెట్టి పరీక్షించే పద్ధతి చాలాకాలం నడిచింది. ఆ ఉత్తుత్తి డేటాబేస్ ఏది అడిగినా ప్రోగ్రామర్ ముందే నేర్పిన సమాధానమే చెబుతుంది, అక్షరాల పట్టిక గొడవలు, ఒకేసారి ఇద్దరు రాసినప్పుడు వచ్చే ఘర్షణలు దానికి తెలియవు. ఇప్పుడు టెస్ట్‌కంటైనర్స్ వంటి లైబ్రరీలతో పరీక్ష మొదలైనప్పుడు అసలైన పోస్ట్‌గ్రెస్‌నో మైఎస్‌క్యూఎల్‌నో కంటైనర్‌లో లేపి, పరీక్ష ముగియగానే తీసివేయవచ్చు. ప్రొడక్షన్‌లో ఉన్న వెర్షన్ ఏదో సరిగ్గా అదే ఇక్కడా ఉండేలా చూసుకోవడం ఒక్కటే షరతు. ఉత్తుత్తి డేటాబేస్‌తో రాసిన పరీక్షలను ఇలా మార్చుకోవడానికి పట్టే శ్రమ తప్పకుండా తిరిగి వస్తుంది.

క్లౌడ్ సంస్థలు ఇచ్చే సేవల సంగతి వేరు. ఫైళ్ళు దాచే ఎస్3, సందేశాల వరుసలు, పిలిచినప్పుడే నడిచే చిన్న కోడు ముక్కలైన లాంబ్డా ఫంక్షన్లు వంటివాటిని లాప్‌టాప్‌లోనే అనుకరించే లోకల్‌స్టాక్ వంటి పరికరాలు ఉన్నాయి. రోజువారీ పనికి అవి బాగా ఉపయోగపడతాయి. అయితే క్లౌడ్‌లో ఎక్కువగా తలెత్తే లోపాలు అనుమతుల దగ్గర, పరిమితుల దగ్గర, నెట్‌వర్క్ గోడల దగ్గర వస్తాయి. అనుకరణలో అన్ని తలుపులూ తెరిచే ఉంటాయి, అసలు క్లౌడ్‌లో ఒక్కో తలుపుకూ ఒక్కో తాళం. అందుకని ప్రొడక్షన్‌తో సంబంధం లేని ఒక ప్రత్యేక క్లౌడ్ ఖాతా తీసుకుని, అందులో తక్కువ సంఖ్యలో అసలైన పరీక్షలు నడపడం తప్పనిసరి. అవి తక్కువగానే ఉండాలి, ఎందుకంటే అవి నెమ్మదిగా నడుస్తాయి, డబ్బూ అవుతుంది.

తెలుగు ఎస్ఎంఎస్ దీనికి మంచి ఉదాహరణ. ఇంగ్లీషు సందేశంలో 160 అక్షరాల వరకు ఒక ఎస్ఎంఎస్‌లో పడతాయి. తెలుగు వంటి యూనికోడ్ సందేశంలో 70 సంకేతాలు దాటితే అది రెండుగా విడిపోతుంది, ఖర్చు రెట్టింపవుతుంది. పైగా మన దేశంలో వ్యాపార సందేశాల నమూనాలను టెలికాం ఆపరేటర్ల డీఎల్‌టీ వేదికలో ముందే నమోదు చేయాలి. పంపే సందేశం నమోదైన నమూనాకు సరిపోకపోతే అది ఫోనుకు చేరదు. పొడవును యూనిట్ టెస్టుతో పట్టుకోవచ్చు. నమూనా సరిపోయిందో లేదో మాత్రం ఏ అనుకరణా చెప్పలేదు. విడుదల కాగానే బృందంలోని ఒకరి ఫోనుకు ఒక అసలు సందేశం వెళ్ళి, అది చేరినట్టు నిర్ధారణ అయ్యే ఏర్పాటు ఉంటేనే ఆ భాగం పరీక్షించినట్టు లెక్క.

ఒకసారి నెగ్గి, ఒకసారి ఓడి, మళ్ళీ నడిపితే నెగ్గే పరీక్షల గురించి కూడా చెప్పాలి. అవి ఉన్నచోట బృందానికి పరీక్షల మీద నమ్మకం పోతుంది. ‘అది ఎప్పుడూ అంతే, మళ్ళీ నడుపు’ అనే మాట వినిపించడం మొదలైందంటే, అసలైన లోపం వచ్చినప్పుడు కూడా అదే మాట వినిపిస్తుంది. అలాంటి పరీక్షను ఆ వారంలోనే బాగుచేయాలి, చేయలేకపోతే తీసేయాలి.

లాప్‌టాప్ నుంచి విడుదల చేయకూడదు

సాయంత్రం ఏడు గంటలకు విడుదల మొదలుపెట్టిన ప్రోగ్రామర్ ఇంట్లో సరిగ్గా ఫైళ్ళు సగం కాపీ అయ్యాక కరెంటు పోయిందనుకుందాం. బ్రాడ్‌బ్యాండ్ ఆగింది, సర్వర్‌తో ఎస్ఎస్‌హెచ్ కనెక్షన్ తెగింది. సర్వర్‌లో సగం కొత్త కోడు, సగం పాత కోడు మిగిలాయి. కడపలోనైనా ఆదోనిలోనైనా ఇది ఊహకందని సంఘటన కాదు. విడుదలను క్లౌడ్‌లోనే నడిచే పైప్‌లైన్‌కు, అంటే విడుదల పనులన్నీ వరుసగా తనంతట తానే చేసే ఏర్పాటుకు, అప్పగిస్తే ఈ బెడద ఉండదు. ప్రోగ్రామర్ చేయవలసింది కోడును గిట్ రిపాజిటరీకి పంపడం ఒక్కటే. బిల్డ్, పరీక్షలు, స్టేజింగ్, ప్రొడక్షన్ అన్నీ గిట్‌హబ్ యాక్షన్స్, గిట్‌ల్యాబ్, జెన్కిన్స్ వంటి వాటిలో నడుస్తాయి. వీటిలో జెన్కిన్స్ పాతది, 2011లో హడ్సన్ నుంచి విడిపోయి ఆ పేరు తెచ్చుకుంది. దాన్ని వాడాలంటే ఒక సర్వర్‌ను సొంతంగా కాపాడుకోవాలి కాబట్టి నలుగురి బృందానికి మిగిలిన రెండే మేలు.

మనిషి చేతితో చేసే విడుదల ఎంత నష్టం తేగలదో చెప్పడానికి నైట్ క్యాపిటల్ ఉదంతం చాలు. అమెరికాలో షేర్ల వ్యాపారం చేసే ఆ సంస్థ 2012 ఆగస్టు 1 కోసం ఎనిమిది సర్వర్లలో కొత్త కోడు పెట్టవలసి ఉండగా, ఒక సర్వర్‌లో పెట్టడం మరిచిపోయారు. రెండో వ్యక్తి సరిచూసే ఏర్పాటు లేదు. ఆ ఎనిమిదో సర్వర్‌లో ఏళ్ళ తరబడి వాడకుండా పడి ఉన్న పాత కోడు మేల్కొని తప్పుడు ఆర్డర్లు పంపడం మొదలుపెట్టింది. తొందరలో సిబ్బంది సరిగ్గా ఉన్న ఏడు సర్వర్ల నుంచి కొత్త కోడును తీసేశారు, దాంతో మిగిలిన ఏడూ అదే పని మొదలుపెట్టాయి. ముప్పావు గంటలో నష్టం 46 కోట్ల డాలర్లు దాటింది. ఇందులో రెండు విషయాలు విడిగా చూడాలి. ఒకటి, యంత్రం చేయవలసిన కాపీ పని మనిషి చేయడం. రెండోది అంతకన్నా తీవ్రమైనది: వెనక్కి తీసుకునే పద్ధతిని ఎవరూ ముందుగా సాధన చేయకపోవడం. వాడని కోడును ఏళ్ళ తరబడి ప్రొడక్షన్‌లో ఉంచడం కూడా ప్రమాదమేనని ఈ ఉదంతం చూపిస్తుంది.

పైప్‌లైన్ ఎంత సమయం తీసుకోవాలన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది కానీ, ఆచరణలో అన్నిటికన్నా ఎక్కువ ప్రభావం చూపేది అదే. బిల్డ్, పరీక్షలు కలిపి పది నిమిషాలు దాటకూడదన్నది ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే పని పద్ధతి వచ్చిన కాలం నుంచి ఉన్న మాట. నలభై నిమిషాలు పట్టే పైప్‌లైన్‌ను అత్యవసర సమయంలో ఎవరైనా పక్కన పెడతారు, మళ్ళీ సర్వర్‌లోకి నేరుగా వెళ్ళి ఫైలు దిద్దుతారు. అంటే ఒకే దారి అనే నియమం నిలబడాలంటే ఆ దారి వేగంగా ఉండాలి. సర్వర్‌లోకి లాగిన్ అయ్యే అనుమతిని బృందంలో అందరి నుంచీ తీసేయడం ఇంకో అడుగు. మొదట ఇబ్బందిగా ఉంటుంది, కొన్ని వారాల్లో అలవాటైపోతుంది. పైప్‌లైన్‌కు కూడా క్లౌడ్ ఖాతా శాశ్వత తాళాలు ఇవ్వకుండా, పని జరిగే కొద్ది నిమిషాలకే చెల్లే తాత్కాలిక అనుమతులు ఇచ్చే వీలు ఇప్పుడు ప్రధాన క్లౌడ్ సంస్థలన్నిటిలోనూ ఉంది. ఎంత చిన్న బృందమైనా దీన్ని వాయిదా వేయకూడదు.

డేటాబేస్ మార్పు: అసలు చిక్కు ఇక్కడే

కోడును వెనక్కి తీసుకోవడం తేలిక. పాత ఇమేజ్‌ను మళ్ళీ నడిపితే సరిపోతుంది. డేటాబేస్ అలా కాదు, విడుదల తర్వాత వచ్చి చేరిన డేటాను పాత రూపంలోకి మార్చడం చాలాసార్లు కుదరదు. విడుదలలను భయంతో చూసే బృందాలన్నిటిలోనూ ఆ భయానికి మూలం దాదాపు ఎప్పుడూ డేటాబేసే.

మొదట్లో తూకాన్ని క్వింటాళ్ళలో దాచిన అప్లికేషన్‌ను ఇప్పుడు కిలోలకు మార్చాలనుకుందాం. ఒకే విడుదలలో పట్టికలోని అంకెలన్నిటినీ వందతో గుణించి, కోడునూ మార్చేస్తే, ఆ మార్పు నడుస్తున్న కొన్ని నిమిషాల్లో పాత కోడు కొత్త అంకెలను చదువుతుంది. 18.6 క్వింటాళ్ళ లోడు 1,860 క్వింటాళ్ళుగా కనిపిస్తుంది. పైగా యార్డు ఉద్యోగుల ఫోన్లలో పాత వెర్షన్ యాప్ నెలల తరబడి అలాగే ఉంటుంది, అది ఎప్పటిలాగే క్వింటాళ్ళలో పంపుతూనే ఉంటుంది. విడుదలను వెనక్కి తీసుకుంటే మళ్ళీ వందతో భాగించాలి, ఈలోగా ఏ అంకె దేనిలో వచ్చిందో చెప్పడం ఎవరివల్లా కాదు.

దీనికి మెరుగైన పద్ధతి మార్పును కొన్ని చిన్న విడుదలలుగా విడదీయడం. మొదటి విడుదలలో కిలోల కోసం కొత్త గడి చేర్చాలి, పాత గడిని ముట్టుకోకూడదు. రెండో విడుదలలో కోడు రెండు గడుల్లోనూ రాయాలి, చదవడం మాత్రం పాతదాన్నుంచే. తర్వాత పాత డేటాను నెమ్మదిగా కొత్త గడిలోకి నింపి, రెండూ సరిపోలుతున్నాయో లేదో చూడాలి. మూడో విడుదలలో చదవడాన్ని కొత్త గడికి మార్చాలి. ఫోన్లలో పాత యాప్ వాడకం ఆగిందని లాగ్‌లలో స్పష్టమయ్యాకనే పాత గడిని తీసేయాలి. ఇందులో ఏ దశలోనైనా ఒక అడుగు వెనక్కి వేయవచ్చు, డేటా పోదు. ఒక రోజులో అయ్యే పనికి మూడు వారాలు పట్టినట్టు అనిపించవచ్చు. అయినా ప్రతి అడుగూ పగటిపూట, యార్డు పని ఆపకుండా, భయం లేకుండా జరుగుతుంది కాబట్టి మొత్తం మీద ఇదే తక్కువ శ్రమ. డేటాబేస్ మార్పులను కూడా స్క్రిప్టులుగా రాసి, కోడుతో పాటు రిపాజిటరీలో ఉంచి, అదే పైప్‌లైన్‌లో నడపాలని వేరే చెప్పనక్కర్లేదు.

బ్యాకప్ ఉందనుకోవడం వేరు, దాని నుంచి డేటా తిరిగి వస్తుందని తెలిసి ఉండడం వేరు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున ప్రొడక్షన్ డేటాబేస్ ఫోల్డరును తొలగించారు. బ్యాకప్‌ల కోసం చూస్తే, రోజూ జరగవలసిన డంప్, అంటే డేటా మొత్తాన్ని ఫైలులోకి కాపీ చేయడం, అసలు జరగడమే లేదని తేలింది. డేటాబేస్ 9.6 వెర్షన్‌లో ఉండగా డంప్ తీసే ప్రోగ్రామ్ 9.2 వెర్షన్‌ది కావడంతో అది ప్రతిసారీ విఫలమైంది. వైఫల్యాన్ని తెలిపే ఈమెయిళ్ళు కూడా మెయిల్ భద్రతా నియమాల వల్ల తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. అంతకు ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన స్నాప్‌షాట్ (ఆ క్షణపు డేటా నకలు) ఉండబట్టి ఆరు గంటల డేటా మాత్రమే పోయింది. ఆ సంస్థ ఈ వివరాలన్నీ దాచకుండా ప్రకటించడం వల్ల ప్రపంచంలోని బృందాలన్నీ నేర్చుకోగలిగాయి, అందుకు దాన్ని మెచ్చుకోవాలి. ఇక్కడ కూడా మూలం రెండు చోట్ల రెండు వెర్షన్లు ఉండడమేనని గమనించాలి. వారానికోసారి బ్యాకప్‌ను ఖాళీ డేటాబేస్‌లోకి ఎక్కించి, వరుసల సంఖ్య సరిచూసే చిన్న పనిని పైప్‌లైన్‌లోనే పెట్టుకుంటే ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది.

అందరికీ ఒకేసారి ఇవ్వవద్దు

కోడును సర్వర్‌లో పెట్టడం, దాన్ని వాడుకరులకు తెరవడం రెండు వేరు పనులు. ఫీచర్ ఫ్లాగ్ అనే చిన్న ఏర్పాటుతో వాటిని విడదీయవచ్చు. కొత్త లెక్క పద్ధతి కోడు ప్రొడక్షన్‌లో ఉంటుంది కానీ మూసి ఉంటుంది. మొదట అనంతపురం చీనీ యార్డుకు మాత్రం తెరిచి రెండు రోజులు చూసి, తర్వాత కడప పసుపు మార్కెట్‌కు, ఆ తర్వాత కర్నూలు ఉల్లి మార్కెట్‌కు తెరవవచ్చు. ఏదైనా తేడా వస్తే ఫ్లాగ్ మూసేస్తే చాలు, కొత్త విడుదల కూడా అక్కర్లేదు. మార్కెట్ వారీగా విభజించడం వల్ల ఇంకో లాభం ఉంది: ఫిర్యాదు వస్తే ఫోను ఏ యార్డు నుంచి వచ్చిందో తెలుస్తుంది, ఎవరితో మాట్లాడాలో తెలుస్తుంది. పని అయిపోయిన ఫ్లాగులను కోడు నుంచి తీసేయడం మాత్రం మరవకూడదు.

దశలవారీ విడుదల లేకపోతే ఏమవుతుందో 2024 జులై 19న ప్రపంచమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక చిన్న సమాచార ఫైలు వల్ల, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నిలిచిపోయాయి. కోడు ఇరవై విలువలు అందిస్తుండగా ఆ ఫైలు ఇరవై ఒకటో విలువను అడిగింది. ఫైలును సరిచూసే ప్రోగ్రామ్‌లోనే లోపం ఉండడం వల్ల అది పరీక్షలు దాటిపోయింది. సంస్థ 78 నిమిషాల్లో దాన్ని వెనక్కి తీసుకున్నా అప్పటికే ఆలస్యమైంది, నిలిచిపోయిన యంత్రాలకు దిద్దుబాటు తనంతట తాను చేరే వీలు లేకపోయింది. కోడు మార్పులకు జాగ్రత్తలు తీసుకునేవారు కూడా సెట్టింగులు, డేటా ఫైళ్ళ మార్పులను తేలిగ్గా చూస్తారు. అవి కూడా అదే దారిన, అవే దశలు దాటుకుంటూ వెళ్ళాలి.

కుబెర్నెటిస్ అవసరమా?

చాలా కంటైనర్లను చాలా సర్వర్లలో నడిపి చూసుకునే పరికరంగా గూగుల్ 2014లో బయటపెట్టిన కుబెర్నెటిస్ గొప్ప ఇంజనీరింగ్. వందల సేవలు, వేల కంటైనర్లు నడిపే సంస్థలకు అది ఎంతో మేలు చేసింది. మూడు మార్కెట్ యార్డులకు సేవ చేసే నలుగురి బృందానికి మాత్రం అది అవసరం లేదు. దాన్ని అప్‌గ్రేడ్ చేయడం, దాని నెట్‌వర్కును అర్థం చేసుకోవడం, దాని లోపాలను వెతకడం ఒక పూర్తికాలపు ఉద్యోగం. ఇమేజ్ ఇస్తే చాలు, నడపడం తామే చూసుకునే గూగుల్ క్లౌడ్ రన్, ఏడబ్ల్యూఎస్ ఫార్గేట్, అజ్యూర్ కంటైనర్ యాప్స్ వంటి సేవలు ఉన్నాయి. అవీ ఎక్కువనుకుంటే ఒక్క వర్చువల్ సర్వర్‌లో, కొన్ని కంటైనర్లను కలిపి నడిపే డాకర్ కంపోజ్‌తో నడిపినా తప్పులేదు, ఆ సర్వర్ పోతే అరగంటలో ఇంకొకటి కట్టగలిగితే చాలు. ఆ కట్టే పద్ధతిని టెరాఫామ్ లేదా దాని నుంచి విడివడిన ఓపెన్‌టోఫు ఫైళ్ళలో రాసి రిపాజిటరీలో ఉంచితే, కన్సోల్‌లో ఎవరు ఏ బటన్ నొక్కారో గుర్తుచేసుకోవలసిన అవసరం రాదు.

ఖర్చు విషయంలో రెండు జాగ్రత్తలు సరిపోతాయి. స్టేజింగ్ సర్వర్లు రాత్రిళ్ళూ ఆదివారాలూ వాటంతట అవే ఆగిపోయేలా పెట్టాలి. బిల్లు ఒక హద్దు దాటగానే అందరి ఫోన్లకూ హెచ్చరిక రావాలి.

ఎక్కడ మొదలుపెట్టాలి

ఇవన్నీ ఒకేసారి చేయబోతే ఏదీ పూర్తికాదు. ఇప్పటివరకు చేతితో విడుదల చేస్తున్న బృందం ముందు విడుదలను పైప్‌లైన్‌కు అప్పగించాలి, పరీక్షలు ఒక్కటీ లేకపోయినా సరే. ‘ముందు పరీక్షలన్నీ రాద్దాం, ఆ తర్వాత ఆటోమేట్ చేద్దాం’ అనుకున్న చోట ఆ రెండోది రావడం అరుదు. దారి ఏర్పడిన తర్వాత వెనక్కి తీసుకునే పద్ధతిని ఒక మామూలు రోజున, ఏ తొందరా లేనప్పుడు, కావాలని ఒకసారి చేసి చూడాలి. పరీక్షలు ఆ తర్వాత డబ్బు లెక్కల దగ్గర మొదలవ్వాలి, ఎందుకంటే రైతుకు నేరుగా నష్టం జరిగేది అక్కడే. తర్వాత ప్రొడక్షన్‌లో దొరికిన ప్రతి లోపానికీ, దాన్ని దిద్దడానికి ముందే, ఆ లోపాన్ని చూపించే పరీక్ష ఒకటి రాయాలి. ఏడాదిలో అలా పోగైన పరీక్షలు, ఒకేసారి కూర్చుని రాసినవాటికన్నా ఎంతో విలువైనవిగా ఉంటాయి.

మెరుగుదలను కొలవడానికి ఎక్కువ అంకెలు అక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ విడుదలల తీరును అధ్యయనం చేసే డోరా పరిశోధన బృందం ప్రచారంలోకి తెచ్చిన నాలుగు కొలతలు చాలు: ఎంత తరచుగా విడుదల చేస్తున్నాం, కమిట్ చేసిన మార్పు వాడుకరికి చేరడానికి ఎంత సమయం పడుతోంది, విడుదలల్లో ఎన్ని చెడుతున్నాయి, చెడినప్పుడు ఎంతసేపట్లో కోలుకుంటున్నాం. వీటిని ఒక మామూలు స్ప్రెడ్‌షీటులో రాసుకున్నా సరిపోతుంది. తరచుగా విడుదల చేస్తే తరచుగా చెడుతుందని చాలామంది భయపడతారు. చిన్న మార్పులు తరచుగా వెళ్ళినప్పుడు చెడినది ఏదో వెంటనే తెలుస్తుంది, మూడు నెలల మార్పులు ఒక్కసారిగా వెళ్ళినప్పుడు అందులో ఏది చెడిందో వెతకడానికే రోజులు పడుతుంది.

అనంతపురంలోని జేఎన్‌టీయూ, ఇడుపులపాయలోని ట్రిపుల్ ఐటీ, కర్నూలులోని ఐఐఐటీడీఎం వంటి చోట్ల చివరి ఏడాది ప్రాజెక్టులు చేసే విద్యార్థులకు కూడా ఇది అందుబాటులో ఉన్న విషయమే. గిట్‌హబ్‌లో పబ్లిక్ రిపాజిటరీలకు పైప్‌లైన్ ఉచితంగా నడుస్తుంది, డాకర్‌కు ఒక మామూలు లాప్‌టాప్ చాలు. ప్రాజెక్టు మూల్యాంకనంలో స్క్రీన్‌షాట్లు చూడడంతో ఆపకుండా, అక్కడికక్కడే ఒక చిన్న మార్పు చేయించి, అది పరీక్షలు దాటి పది నిమిషాల్లో నడుస్తున్న అప్లికేషన్‌లో కనిపించేలా చేయమని, ఆ వెంటనే దాన్ని వెనక్కి తీసుకోమని పరీక్షకులు అడగవచ్చు. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో ఆ విద్యార్థి చేయవలసి వచ్చే పని కూడా సరిగ్గా అదే.